కేతిగాడు లేని రామాయణం

తెల్లవార్లూ జరిగే తోలుబొమ్మలాటలో జనాన్ని నిద్రపోకుండా కూర్చోబెట్టేది రాముడూ కాదు, రావణుడూ కాదు. కేతిగాడు. రాముడి సంగతి అందరికీ తెలిసిందే, యుద్ధంలో ఎవరు గెలుస్తారో అంతకంటే బాగా తెలుసు. సస్పెన్సు అనేదే లేని కథని రాత్రి మొదలుపెట్టి కోడి కూసేదాకా లాక్కురావాలంటే మధ్యలో ఒకడు దూరాలి. వాడికి కథతో సంబంధం ఉండకూడదు. సిగ్గూ ఎగ్గూ అసలే ఉండకూడదు. దేవుళ్ళంతా పద్యాల్లో మాట్లాడుతుంటే వాడు మాత్రం మన ఊరి మాట మాట్లాడాలి. అదన్నమాట కేతిగాడి ఉద్యోగం.

ఈ మధ్య ఫోను తెరిస్తే మూడు రకాల సరుకు ఎక్కువగా కనిపిస్తోంది. ఒకటి నవ్వించే వీడియోలు. రెండు, చేత్తో చేసిన వస్తువులు: కుట్లు, అల్లికలు, మట్టి గాజులు, చెక్క బొమ్మలు. మూడు, "నిన్ను నువ్వు ప్రేమించుకో, ఎలా ఉన్నావో అలాగే ఒప్పుకో" అనే బోధలు. మూడూ నాకు ఇష్టమే (మూడోది కొంచెం తక్కువ మోతాదులో). కానీ ఇవి మూడు వేరు వేరు కొట్లలో దొరికే సరుకులని మనం అనుకుంటున్నాం చూశారూ, అక్కడే నాకు పేచీ. మా జిల్లాలో ఈ మూడూ ఒకే మేకతోలు మీద ఉండేవి. ఇప్పుడు ఆ తోలు మీద ఒకటే మిగిలింది. దాని గురించే ఈ గోలంతా.

ముందు కాస్త భూగోళం. పుట్టపర్తి అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ప్రశాంతి నిలయమే. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురం జిల్లాని విడదీసి శ్రీ సత్యసాయి జిల్లా చేశారు, దానికి పుట్టపర్తే కేంద్రం. ఇదే జిల్లాలో ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. ధర్మవరం పట్టుచీరలు తెలిసినంతగా నిమ్మలకుంట తెలియదు జనానికి. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్న ఊరది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడు మా వాళ్ళలోనే సగం మంది "అవునా, మన పక్కనేనా?" అన్నారు.

ఇక వాతావరణం. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర తచ్చాడుతూ ఉంటుంది. అదీ అన్ని ఏళ్ళూ కాదు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటం మా ముఖ్యమైన వృత్తి. చిత్రావతి ఒక నది అని మేము పిల్లలకి నోటిమాటగా చెప్పి నమ్మించాల్సిన ఏళ్ళు చాలా ఉన్నాయి. ఇలాంటి నేల మీద చేతిపనీ హాస్యమూ కలిసి పుట్టడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. పొలంలో పని లేనప్పుడు చేతులకి ఏదో ఒక పని ఉండాలి, నోటికీ ఉండాలి.

తోలుబొమ్మ చెయ్యడం అల్లాటప్పా పని కాదు. మేకతోలుని నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, లాగి కట్టి ఆరబెడతారు. ఆరేసరికి అది వెలుతురు సోకే పల్చటి పొర అవుతుంది. ఒకప్పుడు దేవతల బొమ్మలకి జింక తోలు వాడేవారట, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ మాటే లేదు, అందరూ మేకతోలే. దేవుడికీ రాక్షసుడికీ ఒకే తోలు. ఆ పొర మీద గీతలు గీసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. నగలు, కిరీటం, చీర అంచు, అన్నీ ఆ చిల్లులే. వెనక నుంచి దీపం వెలిగితే తెర మీద అవే వజ్రాల్లాగా మెరుస్తాయి. రంగులు రెండు వైపులా వేస్తారు. భుజాలు, మోచేతులు, మోకాళ్ళ దగ్గర విడివిడి ముక్కలు చేసి దారంతో ముడివేస్తారు. మధ్యలో చీల్చిన బద్ద ఒకటి నిలువునా కడతారు, బొమ్మకి అదే వెన్నెముక. మన బొమ్మలు దేశంలోని తోలుబొమ్మల్లోకెల్లా పెద్దవి, మనిషంత ఎత్తు ఉండేవి కూడా ఉన్నాయి.

ఈ ఆట ఎంత పాతదంటే, 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో దీన్ని ప్రస్తావించాడు. ఆడేవాళ్ళు రామాయణానికి ఎక్కువగా రంగనాథ రామాయణాన్ని పట్టుకుంటారు. ఇంకో విశేషం ఏమిటంటే, నిమ్మలకుంట కుటుంబాల వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. ఎప్పుడో తరాల కిందట మరాఠా దేశం నుంచి దిగినవాళ్ళు. ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు పద్యం, కేతిగాడి నోట్లో అచ్చమైన అనంతపురం. మనం రెజ్యూమేలో "తెలిసిన భాషలు" అని రాసుకుంటామే, వాళ్ళు ఒక రాత్రిలో చూపించేవారు.

కేతిగాడు ఒక్కడే కాదు, వాడికో ముఠా ఉంది. జుట్టుపోలిగాడు, వాడి పెళ్ళాం బంగారక్క, వీళ్ళ కాపురంలో పుల్లలు పెట్టే కేతిగాడు, ఇంకా అల్లాటప్ప. బొమ్మల పెట్టెలో రాముడు, సీత పెద్దగా, హుందాగా ఉంటే వీళ్ళు పొట్టిగా, వంకరగా, నెత్తిన పిలకతో, ఎటు పడితే అటు ఊగిపోయే ఒళ్ళుతో ఉంటారు. రాముడి బొమ్మకి ఉన్న పద్ధతి వీళ్ళకి లేదు. అందుకే రాముడు చెయ్యలేని పని వీళ్ళు చెయ్యగలరు. మా సరిహద్దు దాటితే కర్ణాటకలో ఈ ఆట ఆడేవాళ్ళనే కిళ్ళేక్యాతలు అంటారు, అది హాస్యపు బొమ్మ పేరే. అంటే అంతమంది దేవుళ్ళని ఆడించినవాళ్ళకి ఊరు పెట్టిన పేరు మాత్రం నవ్వించిన బొమ్మది. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

నేను విన్న ఒక ఆటలో (కొత్తచెరువు వైపు ఒక జాతరలో) హనుమంతుడు సముద్రం దాటి లంకలో దిగాడు. హార్మోనియం ఆగింది. పక్కనుంచి కేతిగాడు తల పెట్టాడు. "సామీ, అంత దూరం ఎగిరి వస్తివి కదా, దావలో యాడన్నా మోడం కనపడెనా?" అన్నాడు. మోడం అంటే మబ్బు. అంతే, జనం ఘొల్లుమన్నారు. తర్వాత బంగారక్క వచ్చి మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. "వీడు పది బోర్లు ఏపిచ్చె. చుక్క నీళ్ళు పళ్ళేదు గానీ, పదకొండో బోరుకి కింద నుంచి మైరావణుడు 'ఎవురప్పా అది, తలుపు కొడతాండారు' అని అడిగె!"

ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ళలో బోరు ఎండిపోని ఇల్లు ఎన్ని ఉంటాయో నేను లెక్కపెట్టలేదు కానీ, అప్పులు చేసి బోర్లు వేసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వారు. ఇప్పుడు చెప్పండి, "నిన్ను నువ్వు ఒప్పుకో" అనే బోధ ఇంతకంటే బాగా ఎవరు చెయ్యగలరు? తన బోరు ఎండిందన్న సంగతి మనిషి ఒంటరిగా గదిలో కూర్చుని ఆలోచిస్తే అది అవమానం. వెయ్యి మంది మధ్య కూర్చుని నవ్వితే అది అందరి సంగతి. కరువు అలాగే ఉంటుంది, అప్పూ అలాగే ఉంటుంది. కానీ అది నా ఒక్కడి చేతకానితనం కాదని ఆ నవ్వు చెప్తుంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పొలానికి పోవడానికి మనిషికి ఆ మాత్రం ఊతం కావాలి.

ఇదే మాట బయటివాడు అంటే తన్నులే. హైదరాబాదులో ఎవరైనా "మీ అనంతపురంలో నీళ్ళుండవటగా" అని పళ్ళికిలిస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కేతిగాడికి ఆ హక్కు ఉంది. ఎందుకంటే వాడు మావాడు, మా మాటలో అంటాడు, పైగా ఆ బొమ్మని ఆడించేవాడి ఇంట్లోనూ నీళ్ళు లేవు.

సరే, అసలు విషయానికొద్దాం. ఈ రోజు నిమ్మలకుంటకి వెళ్తే ఏం కనిపిస్తుంది? దీపపు గుడ్డలు. అంటే బల్ల మీద పెట్టుకునే లైటు చుట్టూ తొడిగే తోలు షేడ్లు. గోడకి వేలాడదీసే బొమ్మలు, తలుపులకి బిగించే పలకలు. నెమళ్ళు, చెట్లు, దశావతారాలు. అద్భుతమైన పనితనం, అందులో రెండో మాటే లేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దేశవిదేశాల్లో ప్రదర్శనలకి వెళ్తాయి. బెంగళూరులో మన అపార్టుమెంట్లలో కూడా నాలుగు ఇళ్ళకొకటి వేలాడుతూ ఉంటుంది, "హ్యాండ్‌మేడ్ అండీ" అని ఇంటావిడ చూపిస్తుంది.

నేను ఆ షేడ్లని ఒక్క మాట కూడా అనను. ఆట ఆడించేవాడికి రాత్రంతా గొంతు చించుకున్నా దొరకని డబ్బు ఒక షేడ్ అమ్మితే దొరుకుతుంది. సినిమా వచ్చి, టీవీ వచ్చి, ఊళ్ళో రాత్రంతా కూర్చునే జనం పోయాక ఆ కుటుంబాల పొయ్యి వెలిగించింది అవే. "కళ చచ్చిపోతోంది" అని ఏసీ గదిలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునే బ్యాచ్ ఒకటి ఉంటుంది మనలో, నేను ఆ బ్యాచ్ కాదు. కూడు పెట్టే మార్పుని తప్పు పట్టే అర్హత నెలనెలా జీతం పడేవాడికి లేదు.

కానీ ఒక సంగతి గమనించారా? లైటు షేడ్ మీద సీత ఉంటుంది, కృష్ణుడు ఉంటాడు, నెమలి ఉంటుంది. కేతిగాడు మాత్రం అరుదు. వాణ్ణి డ్రాయింగ్ రూములో ఎవరు పెట్టుకుంటారు? పిలక, వంకర ఒళ్ళు, పళ్ళికిలింపు, ఇవేవీ సోఫాకి మ్యాచ్ కావు. ఒకవేళ పెట్టుకున్నా వాడు చేసేదేముంది? కేతిగాడికి అందం లేదు, ఉన్నది నోరొక్కటే. నోరు లేని కేతిగాడు ఉత్త తోలుముక్క.

పోనీ ఆట ఆడుతున్నారు కదా అంటారా? ఆడుతున్నారు. ఉత్సవాల్లో, సదస్సుల్లో, గంటకో గంటన్నరకో కుదించి. గంటలో రామాయణం చెప్పాలంటే కత్తెర ముందు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? వాడు కనిపించినా నాలుగు గెంతులు గెంతి, ఒక డ్యాన్సు చేసి పోతాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. వాడి తప్పేం లేదు. కేతిగాడు మాట్లాడాలంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళ బోర్లు ఎన్ని ఎండాయో తెలియాలి, ఆ ఊరి సర్పంచి సంగతి తెలియాలి, ఎవరి కోడి ఎవరి ఇంట్లో కూరైందో తెలియాలి. ఢిల్లీ ఆడిటోరియంలో ముందు వరసలో కూర్చున్న అధికారి ఇంట్లో కోడి సంగతి వాడికేం తెలుస్తుంది!

కాబట్టి లెక్క ఇదీ: చేతిపని బతికింది. దానికి పద్మశ్రీ వచ్చింది, గుర్తింపు వచ్చింది, మార్కెట్ వచ్చింది. మాట మాత్రం పోతోంది. మూడింట్లో ఒకటి నిలిచింది, మిగతా రెండూ, అంటే మనల్ని చూసి మనం నవ్వడమూ, ఆ నవ్వుతో మనల్ని మనం ఒప్పుకోవడమూ, జారిపోతున్నాయి. తోలు మ్యూజియంలో దాచొచ్చు. "పదకొండో బోరు" జోకుని ఏ గాజు పెట్టెలో పెడతారు?

ఇదంతా చదివి "పాపం, పల్లె కళాకారులు" అని నిట్టూర్చే ముందు ఒకసారి మన సంగతి చూసుకుందాం. ఇదే ఒప్పందం మనమూ చేసుకున్నాం కదా. మన పనితనానికి మార్కెట్ దొరికింది. కోడ్ రాస్తాం, డబ్బులొస్తాయి, సంతోషం. కానీ ఆ పనితనంతో పాటు మన నోరు ఆఫీసు లోపలికి వెళ్ళిందా? లింక్డిన్‌లో చూడండి, అందరూ రాముళ్ళే. అందరూ వినయంగా, హుందాగా, "ఈ ప్రయాణంలో నాకు తోడ్పడిన ప్రతి ఒక్కరికీ" అంటూ. కేతిగాడికి అక్కడ ప్రొఫైలే లేదు. అందంగా చిల్లులు కొట్టిన లైటు షేడ్లం మనం, వెనక బల్బు వెలుగుతున్నంతసేపూ మెరుస్తాం.

మాట పోవడం అంటే ఏమిటో ఒక్క పదంతో చెప్తాను. మా వైపు "నవ్వడం" అనం, "నగడం" అంటాం. "ఏంటికి నగుతాండావు?" అంటాం. అవతల కన్నడంలోనూ నగు అనే అంటారు. పాత తెలుగు కావ్యాల్లో అదే మాట, "చిరునగవు"లో అదే, "నగుబాటు"లో అదే. అంటే తెలుగువాడి పాత నవ్వుని దాచిపెట్టింది మా కరువు సీమ. నేను మొదట చేరిన కంపెనీలో ఒకరోజు మీటింగులో "నగొద్దండి, సీరియస్‌గా చెప్తున్నా" అన్నాను. గది గదంతా నగింది. ఒకాయన "నువ్వు కన్నడిగుడివా?" అన్నాడు, ఇంకొకాయన "ఫ్యాక్షన్ సినిమా డైలాగులా ఉంది" అన్నాడు. తర్వాత హెచ్చార్ నుంచి భాషని "న్యూట్రల్" చేసుకోమని ఒక సలహా కూడా వచ్చింది. న్యూట్రల్ అంటే ఏ ఊరిదీ కాని భాష. ఏ ఊరిదీ కాని భాషలో నువ్వు డాక్యుమెంట్ రాయగలవు, జోకు వెయ్యలేవు. నేను మాత్రం నగడం మానలేదు :) కానీ అక్కడే పనిచేసిన మా జిల్లా కుర్రాళ్ళు చాలామంది మానేశారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా మెట్ల కిందకి వెళ్ళి మాట్లాడేవాళ్ళు, "ఏమ్మా, బువ్వ తింటివా" అన్న మాట ఎవరికైనా వినపడుతుందేమోనని. అమ్మతో మాట్లాడటానికి మెట్ల కింద దాక్కోవాల్సిన మనిషికి "సెల్ఫ్ లవ్" వర్క్‌షాపు పెట్టి ఏం లాభం?

ఆ "ఫ్యాక్షన్ డైలాగు" అన్నాయన్ని నేను పెద్దగా తప్పు పట్టను. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర, ఇంకా వాటి వెనకాల వచ్చిన అరడజన్ల కొద్దీ సినిమాలు సీమ అంటే సుమోలు, బాంబులు, తొడగొట్టడాలు అని లోకానికి నేర్పాయి. మా మాటకి అందులో కోపం ఒక్కటే మిగిల్చారు. మా మాటలో ఉన్న ఎటకారం, మా కరువు మీద మేమే వేసుకునే జోకులు, అవేవీ తెరకెక్కలేదు. కథల్లో మాత్రం నామిని గారు చిత్తూరు మాటతో "మిట్టూరోడి కతలు" రాసి నవ్వించి, ఆ నవ్వులోనే ఏడిపించారు. సినిమాకి ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది. 2021లో పుష్ప వచ్చాకే చిత్తూరు యాసలో హీరో ఆసాంతం మాట్లాడొచ్చని అందరికీ తెలిసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. "కేతిగాడి జోకులు బూతులు కదండీ?" అంటారు. నిజమే. చాలా వరకు బూతులే. పైగా అందులో ఎక్కువ భాగం ఆడవాళ్ళ మీద, నల్లటివాళ్ళ మీద, ఒంటి లోపాల మీద వేసినవి. అవన్నీ జాగ్రత్తగా భద్రపరచాలని నేను అననే అనను. కొన్ని పోయినందుకు నాకు ఆనందమే. కానీ అదే బంగారక్క ఊరందరి ముందూ మొగుణ్ణి నిలబెట్టి కడిగేసేది. మామూలు రోజుల్లో ఆ ఊళ్ళో ఏ ఆడమనిషికీ లేని నోరు ఆమెకి ఉండేది. పైగా కేతిగాడి మాట రామాయణం లాంటిది కాదు, మార్చకూడదనే నియమం దానికి లేదు. నిన్నటి ఊళ్ళో వేసిన జోకు ఈ రోజు పనికిరాదు. రోజూ మారడమే వాడి ధర్మం. కాబట్టి చెడ్డ జోకుకి మందు కొత్త జోకు. నోరు కుట్టెయ్యడం కాదు.

ఇది జరిగే పని కాదంటారేమో. జరిగిన చోటు ఒకటి ఉంది, మా వైపు కాదు, తెలంగాణలో. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అనే ఊళ్ళో 2012లో కొందరు కుర్రాళ్ళు మై విలేజ్ షో అని వీడియోలు తియ్యడం మొదలుపెట్టారు. అందులోకి పొలం పనులు చేసుకునే గంగవ్వ వచ్చింది. ఆమెకి మేకప్ వెయ్యలేదు, యాస దిద్దలేదు. ఆమె తిట్లు, ఆమె నవ్వు, ఆమె ఊరు, అన్నీ ఆమెవే. 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్ళినా అదే మాట మాట్లాడింది. ఆమెని చూసి నవ్విన లక్షల మందిలో తెలంగాణ యాసని సినిమాల్లో రౌడీలకీ పనివాళ్ళకీ అంటగట్టి నవ్విన కాలాన్ని చూసినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ఆమెతో కలిసి నవ్వుతున్నారు. "మీద నవ్వడం" నుంచి "కలిసి నవ్వడం" దాకా వచ్చిన దూరం అది, దాన్ని ఒక ముసలమ్మ నోటితో దాటించింది.

గమనించండి, లంబాడిపల్లిలో తోలు లేదు, దీపం లేదు, పద్యం లేదు. పరికరం మొత్తం మారింది, మాట నిలిచింది. నిమ్మలకుంటలో పరికరం నిలిచింది, మాట జారుతోంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే నాకొక ముక్క అర్థమయింది. చేత్తో చేసిన వస్తువు గొప్పదనం చెయ్యిలో మాత్రమే లేదు, ఆ చెయ్యి ఎవరిదో వస్తువుని చూస్తే తెలియడంలో ఉంది. ఇప్పుడు అడిగితే క్షణంలో బొమ్మ గీసిపెట్టే, జోకు రాసిపెట్టే యంత్రాలు మన చేతుల్లోనే ఉన్నాయి, మనలో కొందరం వాటి మీదే పని చేస్తున్నాం. తోలుబొమ్మ లాంటి బొమ్మ అడిగితే నిమిషంలో వస్తుంది. కానీ మా వీధిలో ఎన్నో బోరు ఎండిందో దానికి తెలియదు, తెలిసినా దాని నోరు ఎండలేదు. నవ్వు వచ్చేది ఆ ఎండిన నోట్లోంచే.

ధైర్యం కావాలంటే పుట్టపర్తి రండి. ఇక్కడ ఆటో నడిపేవాళ్ళు, కొట్లు పెట్టుకున్నవాళ్ళు ఎప్పటినుంచో దేశదేశాల భక్తులతో మసులుకున్నవాళ్ళు. ఏ బడికీ పోకుండానే ఇటాలియన్ నాలుగు ముక్కలు, రష్యన్ నాలుగు ముక్కలు పట్టేసినవాళ్ళు ఉన్నారు. ఆ ఇటాలియన్ అనంతపురం యాసలో ఉంటుంది. "అప్పా" అని చివర్లో తగిలిస్తే ఏ భాషైనా మాదే. అవతల దొరసాని నవ్వుతుంది, ఇతనూ నవ్వుతాడు, బేరం తెగుతుంది. ఎవరూ ఇతనికి యాక్సెంట్ ట్రైనింగ్ ఇవ్వలేదు, అదే ఇతని అదృష్టం. సిగ్గు అనేది మనకి డిగ్రీతో పాటు ఇచ్చే రెండో సర్టిఫికెట్ అని నాకు గట్టి అనుమానం.

ఇంతకీ మనమేం చెయ్యాలి? ఉద్యమాలు చెయ్యమనను. ఉద్యమాలకి లీవు దొరకదు. నాకు తోచినవి నాలుగు ముక్కలు చెప్తాను.

ఒకటి. మీ కంపెనీలో ఏటా జరిగే ఫ్యామిలీ డేకి మెజీషియన్నీ, డీజేనీ పిలుస్తారు కదా. ఈసారి ఒక తోలుబొమ్మల జట్టుని పిలవమనండి. పిలిచి గంట కాదు, మూడు గంటలు ఇవ్వండి. రెండు రోజులు ముందే రప్పించి, క్యాంటీన్లో కూర్చోబెట్టి, ఆఫీసు సంగతులు చెప్పండి. ఎవరి అప్రైజల్ ఎలా ఎండిందో, ఏ ప్రాజెక్టు పదకొండో బోరు అయిందో చెప్పండి. అప్పుడు కేతిగాడు ఏం మాట్లాడతాడో వినండి. మేనేజర్లని ముందు వరసలో కూర్చోబెట్టడం మర్చిపోవద్దు. ఆ రెండు రోజులకీ కూడా డబ్బులివ్వండి, సంగతులు సేకరించడం కూడా పనే.

రెండు. లైటు షేడ్ కొంటే బేరం ఆడకుండా కొనండి, కొన్నప్పుడు "కేతిగాడు ఉన్నాడా?" అని ఒక మాట అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి చేసి పెడతారు. డ్రాయింగ్ రూములో దశావతారాల పక్కన ఆ పిలకవాణ్ణి వేలాడదీయండి. వచ్చినవాళ్ళు "ఇతనెవరు?" అని అడుగుతారు, అప్పుడు వాడి మాట మీ నోటి గుండా బయటికి వస్తుంది.

మూడు. ఏదో ఒకటి మీ చేత్తో చెయ్యండి, వంకరగా వచ్చినా ఫరవాలేదు. మా టీములో ఒకాయన వారాంతంలో చెక్క గరిటెలు చెక్కుతాడు, వాటితో పప్పు గెలికితే పప్పంతా గరిటెకే అంటుకుంటుంది. ఇంకొకావిడ స్టాండప్ మీటింగులో పసుపు కాగితాల మీద మా అందరి కార్టూన్లు గీస్తుంది, అందులో నా ముక్కు మా జిల్లా అంత ఉంటుంది. ఆ కాగితం నా మానిటరుకి అంటించి ఉంది. కంపెనీ ఇచ్చిన మెమెంటోలు ఎక్కడున్నాయో నాకు తెలియదు.

నాలుగు. అమ్మతో ఫోన్ మాట్లాడేటప్పుడు మెట్ల కిందకి పోవద్దు. సీట్లో కూర్చుని, మామూలు గొంతుతో, మీ ఊరి మాటే మాట్లాడండి. పక్కవాడు నవ్వితే నవ్వనివ్వండి. శ్రీకాకుళమైనా, పాలమూరైనా, కడపైనా, ఎవరి మాట వాళ్ళకి బంగారక్క నోరంత బలం. నాలుగు రోజులు పోతే వాడూ వాళ్ళమ్మతో వాళ్ళ ఊరి మాట మాట్లాడతాడు. ఇది అంటువ్యాధి.

రాముడు మనకి ఎలా ఉండాలో నేర్పుతాడు, మంచిదే. ఎలా ఉన్నామో చెప్పి, దాన్ని చూసి నవ్వించి, మర్నాడు పొద్దున్నే పొలానికి పంపించడానికి మాత్రం కేతిగాడు కావాలి. వాడు పెట్టెలో లేడు, లైటు షేడ్ మీదా లేడు. ఎవరో ఒకరు నోరు తెరిచి ఆడిస్తేనే ఉంటాడు. ఇంగ మీ ఇష్టం అప్పా. నగాలనుకుంటే గట్టిగా నగండి.